సొగటాలకు ఒకటే శాసనమా?

ఆటలను గూర్చి వ్యాసము వ్రాయుట పెద్దవారు చేయదగిన పనియేనా యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. ఇట్టి సంచికలలో శతకములను గూర్చియు, శిలాశాసనములను గూర్చియు, సంగీతమును గూర్చియు వ్రాయుట వాడుక. మేమును అట్టిదేదో వ్రాయదలచియే కలము పట్టితిమి. కాని కొంతకాలము క్రిందట మా కన్నుల యెదుట జరిగిన యొక సంగతి మనస్సును విడువక బాధించుచుండుటచేత అష్టాచెమ్మను గూర్చి వ్రాయవలసి వచ్చినది. సంగతి చిన్నదే. దాని వెనుకనున్న అభిప్రాయము మాత్రము చిన్నది కాదు. ఆ అభిప్రాయముతోనే మాకు పోరు.

మహారాష్ట్రములోని ఒక నగరమున తెలుగువారి సంఘ మొకటి సంక్రాంతికి ఆటల పోటీలు పెట్టినది. ముగ్గులు, గాలిపటములు, వానితోపాటు అష్టాచెమ్మ. అట్టలపై అచ్చువేసిన పటములు, ప్లాస్టికు కాయలు, బల్లకొక నియమపత్రము సిద్ధపరచిరి. ఆ పత్రమునకు ‘అసలైన తెలుగు అష్టాచెమ్మ నియమములు’ అని శీర్షిక. జిమల్‌గట్ట నుండి కొడుకు ఇంటికి వచ్చియుండిన ఒక వృద్ధురాలు మనుమరాలి బలవంతముచేత ఒక బల్ల వద్ద కూర్చున్నది. వారిచ్చిన గవ్వలను ప్రక్కకు నెట్టి, కొంగుముడి విప్పి తన గవ్వలను తీసినది. రెండవ ఆటలో ఆమెకు వరుసగా మూడు అష్టలు పడినవి. చూచువారు కేకలు వేసిరి. ఆమె మాత్రము నవ్వి, “మూడు పడె, మురిగిపాయె” అని, ఒక్క కాయనైనను కదపక, గవ్వలను ఎదుటివారి చేతిలో పెట్టినది.

పత్రము ప్రకారము మూడు అష్టలును లెక్కకు వచ్చును. తీర్పరి వచ్చి కాయను జరుపుమనెను. “మా దిక్కు గట్ల లేదు సారూ” అని ఆమె చెప్పినది. “అది తప్పు పద్ధతి, మీది మరాఠీవారి ఆట కలిసిన ఆట, అసలు ఆట కాదు” అని ఆ యువకుడు తీర్పు చెప్పెను. “ఆట తప్పయితదా బిడ్డా?” అని ఆమె అడిగినది. సమాధానము రాలేదు. గవ్వలను ఏరుకొని, కొంగున ముడివేసికొని, లేచిపోయినది.

పాఠకులు ఒక్క విషయము గమనింపవలెను. ఆమె తన యింటి నియమమును పాటించి తన నష్టమును తానే ఒప్పుకొన్నది. మూడు అష్టలన ఇరువదినాలుగు ఇండ్లు. వానిని చేతులార విడిచినది. అట్టి ఆమెకు ఆట తెలియదని చెప్పినవారు పత్రము చూచి చదివినవారు. ఆనాడు తీర్పరుల బల్ల వద్ద కూర్చున్న పెద్దలలో మేమును ఉంటిమి. మేమును నోరు మెదపలేదు. ఈ వ్యాసము ఆ మౌనమునకు ఆలస్యముగా చెల్లించు అపరాధము.

ఆ వేసవిలో ఒక పెండ్లికి మేము జిమల్‌గట్టకు పోవలసి వచ్చినది. ఆలాపల్లి నుండి సిరొంచకు పోవు బాటలో, టేకు అడవుల నడుమ, అహేరి తాలూకాలోని గ్రామ మిది. ఈ సీమ చరిత్ర తెలియనివారికి రెండు మాటలు చెప్పుట అవసరము. ప్రాణహిత గోదావరిలో కలియుచోట ఒక దరిని కాళేశ్వరము, మరియొక దరిని సిరొంచ. 1860లో ఏర్పడిన ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచయే ముఖ్యపట్టణము. 1874లో ఆ జిల్లా పోయి చాందా జిల్లాలో కలిసినది. ఆ పిమ్మట మధ్యపరగణాలు, మధ్యప్రదేశము, 1956లో బొంబాయి రాష్ట్రము, 1960 మే 1 నుండి మహారాష్ట్రము, 1982లో కొత్తగా గడ్చిరోలి జిల్లా. పేరులు ఇన్ని మారినను ఇండ్లలోని మాట తెలుగుగానే నిలిచినది. అడవి పల్లెలలో గోండీ, మాడియా వినవచ్చును. బడిలోను కచేరీలోను మరాఠీ. అంగడిలో హిందీయు తోడగును. ఒకే పిల్లవాడు ఒకే పూటలో మూడు భాషలు మాట్లాడుట అక్కడ వింత కాదు.

పెండ్లియింటి అరుగుమీద సుద్దతో గీచిన పటము చూచితిమి. అడ్డముగా అయిదు, నిలువుగా అయిదు, మొత్తము ఇరువదియైదు గళ్లు. వెలుపలి వరుసలో పదునారు ఇండ్లు, లోపలి వరుసలో ఎనిమిది, నడుమ పండు ఇల్లు. నాలుగు దిక్కులను నాలుగు గీటు ఇండ్లు. అక్కడ కూర్చున్న కాయను ఎవరును చంపరాదు. ఇంతవరకు కృష్ణాతీరమైనను గోదావరీతీరమైనను ఒకటే. నలుగురు కూర్చుండిరి. గవ్వలు వేయుటకు ముందు వారిలో పెద్దవాడు ఎదుటి వీధి నుండి వచ్చిన వానిని అడిగిన ప్రశ్న మా చెవిలో నేటికిని మ్రోగుచున్నది: “మీ ఇంట్ల ఎట్ల? చంపకుంట లోపలికి పోనిస్తరా?”

“పోనియ్యం.”

“జంటను ఒక్క కాయ చంపుతదా?”

“చంపది.”

“మాదాంట్ల చంపుతది. ఇయ్యాల మీ లెక్కనే ఆడుదం తీయ్.”

అంతే. అర నిమిషములో ఒడంబడిక అయిపోయినది. ఒకే ఊరిలో రెండు వీధుల నడుమ రెండు పద్ధతులు. ఏది అసలు, ఏది నకలు అను మాటయే అక్కడ పుట్టలేదు. అచ్చుపత్రము చేయలేని పనిని ఆ ప్రశ్న చేసినది. నగరములోని బల్ల వద్ద ఎవరైనను ఆ వృద్ధురాలిని ఆ ఒక్క ప్రశ్న అడిగియుండినచో ఆమె ఇంటికి పోయెడిది కాదు.

ఇక ఆమె పాటించిన నియమములోని యుక్తిని విచారింతము. గవ్వ బోర్ల పడుటకును వెల్లకిల పడుటకును సమానమైన అవకాశమున్న దనుకొందము. నాలుగు గవ్వలు పడు విధములు 16. అందు ఒకటి పడునవి నాలుగు, రెండు పడునవి ఆరు, మూడు పడునవి నాలుగు, నాలుగును వెల్లకిల పడు చెమ్మ ఒకటి, నాలుగును బోర్లపడు అష్ట ఒకటి. ఈ లెక్కను వరుసగా మూడు అష్టలు పడుట 4096 తడవలలో ఒక్కసారి. అంత అరుదైన దానికి ఇంటింట నియమ మేల ఏర్పడవలెను? గవ్వ అట్లు సమానముగా పడదు గనుక. దాని వీపు గుండ్రన, కడుపు చదునుగా నుండును. కొన్ని ఇండ్లలో వీపు అరగదీసి ఆడుదురు. గవ్వలు లేనిచోట చింతగింజలను ఒకవైపు తెల్లబడునట్లు అరగదీసి ఆడుదురు. గచ్చుమీద దొర్లినట్లు పేడతో అలికిన నేలమీద దొర్లవు. అన్నిటిని మించి, అరువది ఏండ్లు అవే గవ్వలు విసరిన చేతికి వాని నడక తెలియును. అష్ట కావలసినప్పుడు అష్ట పడవేయగల వ్రేళ్లు ఊరికి రెండు మూడైనను ఉండును. అట్టి చేతులను అదుపులో పెట్టుటకే మూడు పడిన మురిగిపోవునను కట్టుబాటు. ఇది నేర్పునకు వేసిన కళ్లెము. యంత్రములో అచ్చుపోసిన ప్లాస్టికు గవ్వలకు ఈ కళ్లెము అక్కరలేకపోవచ్చును. కాని అక్కరలేనివాడు అక్కరయున్నవానిని తప్పుపట్టుట ఎక్కడి న్యాయము?

ఇంటి పద్ధతి యనునది ఆ యింటి గవ్వలకు, ఆ యింటి నేలకు, ఆ యింటి మనుష్యులకు తగినట్లు పెరిగినదే గాని అజ్ఞానముచేత పుట్టిన వికారము కాదు. ఈ వ్యాసములో మేము చెప్పదలచినది ఇదియే.

‘మరాఠీ ఆట కలిసినది’ అను ఆక్షేపణకు వత్తము. కలిసినదే. ఎవరు కాదనిరి? తెలుగు కావ్యములలో నెత్తమనియు, సొగటాలనియు, కాయలను సారెలనియు వాడిరి. మరాఠీవారు కాయలను సోంగట్య లందురు. పటమును సారీపాట మందురు. పాచికలను ఫాసె లందురు. సొగటా, సోంగటి, సారె, సారీ, పాచిక, ఫాసా. ఏది ఏ ఒడ్డు నుండి ఏ ఒడ్డునకు దాటినదో పండితులు తేల్చుకొందురు గాక. రెండు ఒడ్డులను ఒకే కాయలు కదలుచుండెనని మాత్రము స్పష్టము. మరి మన ‘అష్ట’ సంస్కృతము. ‘పచ్చీసు’ హిందీలో ఇరువదియైదు. ఆరు గవ్వల ఆటలో అన్నియు బోర్లపడిన ఇరువదియైదు పడినట్లు లెక్కించుటచేత ఆ ఆటకు ఆ పేరు వచ్చినది. ‘అసలైన తెలుగు’ అని శీర్షిక పెట్టిన పత్రములోనే అచ్చ తెలుగు మాటలు ఎన్ని యుండెనో లెక్కించిన మాకు నవ్వు వచ్చినది. వేరూలు గుహలలో పార్వతీపరమేశ్వరులు పాచికలాడు శిల్పములు కలవు. మహారాష్ట్రములోని ఆ రాతిని చూచి ఇది మా ఆట కాదని వెనుదిరుగు తెలుగువా డుండునా?

ఇక లోకమువైపు చూతము. మన సొగటాలకు దూరపు చుట్టము ఒకటి కలదు. దానినే నేడు బ్యాక్‌గామన్ అను పేర చాలామంది ఎరుగుదురు. పారసీకులు దానిని నర్దు అందురు. భారతదేశము చదరంగమును పంపి విప్పుమనగా, ఇరాను మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ దానిని విప్పి, బదులుగా నర్దును కల్పించి పంపెనని పహ్లవీ భాషలో ఒక పాత కథ కలదు. ఒక్కొక్కరికి పదునైదు కాయలు, రెండు పాచికలు, ఇరువదినాలుగు ఇండ్లు. కాయలను చుట్టు త్రిప్పి గట్టెక్కించుట, ఒంటికాయను కొట్టుట, జంటయైన భయము లేకుండుట మొదలగునవి చూచినవారికి పచ్చీసు తెలిసియున్నచో అరగంటలో పట్టుబడును.

ఆ బల్లమీద గ్రీకులు ఒక ఆట గాక మూడు ఆటలు ఆడుదురు. మూటికిని కలిపి తావ్లి యని పేరు. ‘పోర్తెస్’ అనుదానిలో ఒంటికాయను కొట్టి బయటికి పంపుదురు. ‘ప్లకోతో’లో కొట్టుట లేదు, ఎదుటివాని కాయమీద తన కాయ నుంచి, అది కదలకుండ అదిమిపట్టుదురు. ‘ఫెవ్గా’లో కొట్టుటయు లేదు, అదుముటయు లేదు; ఒక్క కాయ కూర్చున్నను ఆ ఇల్లు ఎదుటివానికి మూసివేసినట్లే, ఇరువురును ఒకే దిక్కునకు పరుగెత్తుదురు. కాఫీ దుకాణములలో కూర్చున్న ముసలివారు ఈ మూటిని ఒకదాని వెంట నొకటి మార్చి మార్చి ఆడుదురు. అందు రెండు తప్పనియు ఒకటియే అసలనియు ఏ గ్రీకు సంఘమైనను పత్రము వేసినచో ఆ ముసలివారు ఏమందురో ఊహింపవచ్చును.

తురుష్కుల సంగతి ఇంకను చిత్రము. వారి భాషలో ఒకటి, రెండు, మూడు అనుటకు బిర్, ఇకి, ఉచ్ అను సొంత మాటలు కలవు. అయినను తావ్లా బల్ల వద్ద పాచికలు వేసినప్పుడు యెక్, దు, సె, జిహార్, పెంచ్, షెష్ అని పారసీకములో లెక్కింతురు. ఏక, ద్వి, చతుర్, పంచ, షట్ అని చదువుకొన్న మనకు ఆ మాటలు పరాయివిగా తోచునా? ఇట్లు లెక్కించుటచేత వారు తురుష్కులు కాకపోలేదు. జిమల్‌గట్ట పిల్లలు సంస్కృతపు అష్టను, హిందీ పచ్చీసును, తెలుగు పండును ఒక్క ఊపిరిలో పలుకుటచేత తెలుగువారు కాకపోవుదురా?

బ్యాక్‌గామన్‌కు ఏకనియమ మున్నది గదా యని ఎవరైన నడుగవచ్చును. ఉన్నది. దాని వయస్సు ఎంత? పందెమును రెట్టింపు చేయు గుర్తుల ఘనమును 1920ల న్యూయార్కులో ఎవరో ప్రవేశపెట్టిరి. నియమములను 1931లో ఆ నగరములోని ర్యాకెట్ అండ్ టెన్నిస్ క్లబ్బువారు క్రోడీకరించిరి. అనగా వేయేండ్ల ఆటకు నూరేండ్లు నిండని చట్టము. అది పనికిమాలిన దని మే మనుట లేదు. ఒకరినొకరు ఎరుగని వారు పోటీలో కలిసినప్పుడు ఒక చట్ట ముండవలసినదే. ఆ చట్టమునకు చెల్లుబాటు పోటీబల్ల అంచు వరకే. అంచు దాటి అరుగుమీదికి వచ్చి ముసలమ్మను దిద్దుటకు దానికి అధికారము లేదు.

మా మీద విసరదగిన పెద్దరాయి ఒకటి కలదు. దానిని మేమే తీసి చూపెదము. చదరంగము ఏకనియమమునకు లోబడుటవలననే కదా మన పిల్లలు లోకమునకు తెలిసినది? నిజము. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టరైనది ఆ నియమముల మీదనే. దేశవాళీ చదరంగమును నేర్చి పెరిగిన మీర్ సుల్తాన్ ఖాన్ పాశ్చాత్య నియమములను నేర్చుకొని 1929, 1932, 1933 సంవత్సరములలో బ్రిటిషు విజేత యయ్యెను. ఆ లాభమును కాదనువాడు మూర్ఖుడు. కాని దానికి చెల్లించిన వెల కూడ చెప్పవలెను. బంటు మొదటి ఎత్తున ఒక్క ఇల్లే జరుగుట, రాజు ఒక్కసారి గుఱ్ఱపుటెత్తు వేయుట మున్నగు దేశవాళీ మర్యాదలను నేడు ఎరిగినవారు ఎందరు? వెల చెల్లించితిమి, సరుకు వచ్చినది. అష్టాచెమ్మకు లోకవిజేత పీఠము లేదు, పతకము లేదు, బిరుదు లేదు. అందు ఏకనియమము పెట్టువారు సరుకు లేకయే వెల చెల్లింపు మనుచున్నారు.

జూదమని ముక్కు విరుచువారికి సమాధానము పొట్టిది. ధర్మరాజును ముంచినది పందెము, పటము కాదు. చింతగింజలతో ఆడు మనుమరాలు రాజ్యము ఓడదు.

చేతిపెట్టెలోని లూడో సంగతి వేరు. 1896లో ఇంగ్లండున పేటెంటు పొందిన లూడో మన పచ్చీసు బిడ్డయే. సముద్రము దాటి, గవ్వలు విడిచి, ఘనపాచిక పట్టి, ఇప్పుడు ఫోనులో మన యింటికే తిరిగి వచ్చినది. రానిండు, మేమును రైలులో ఆడుదుము. అయితే ఫోను “మీ ఇంట్ల ఎట్ల?” అని అడుగదు. దానిలో వ్రాసి పెట్టినంతవరకే కాయ కదలును. యంత్రమునకు అది సహజము. మనుష్యుల సంఘము యంత్రమును అనుకరించుటయే మాకు నచ్చని పని.

జిమల్‌గట్ట అరుగుమీద మేము మరియొకటి చూచితిమి. ఆడుచున్న పిల్లలు మరాఠీ బడిలో చదువుచున్నవారు. తెలుగు అక్షరములు వారికి రావు. పాఠములు మరాఠీలో వల్లెవేసిన ఆ నోళ్లే గవ్వలు చేత పట్టగానే “ఇంకొక్క ఇల్లు, పండుతది, పండుతది” అని కేకవేసినవి. వారికి తెలుగు బడి ఆ అరుగే. అక్కడి అవ్వ పద్ధతి తప్పని చెప్పుట ఆమె మాట తప్పని చెప్పుటకు ఒక్క అడుగు ఇవతల నుండును. ఆ అడుగును కూడ వేసినవారిని మేము ఎరుగుదుము. సరిహద్దు తెలుగును ‘కలగలుపు’ అని ఎగతాళి చేసి, ఆ సీమ యువకులను సభలలో నోరు విప్పకుండ చేసినవారు మన సంఘములలోనే కలరు. నియమపత్రమును వ్రాసిన చేతికిని ఆ ఎగతాళికిని చుట్టరికము లేదని మే మనుకొనము.

కావున సంఘములవారికి మా కోరిక యిది. పోటీ పెట్టుడు, పోటీకి పత్రము పెట్టుడు, దాని శీర్షికలో ‘అసలైన’ అను మాటను కొట్టివేసి ‘ఈ పోటీకి’ అని వ్రాయుడు. బల్లకొక తెల్లకాగితముల పుస్తకము నుంచి, వచ్చిన ప్రతివారిని తమ యింటి పద్ధతి చెప్పుమని, ఊరిపేరుతో వ్రాసికొనుడు. ఏటేట సంచికలో అరపుట చాలును. మొదటి అరపుటకు సరిపడునది మేమే వ్రాసికొని వచ్చితిమి. ఆ వృద్ధురాలి ఇంటికి పోయి, క్షమింపుమని అడిగి, ఆమె చెప్పగా వ్రాసినది. క్షమాపణ మాట వచ్చినప్పుడు “గదేందయ్యా, చాయ్ తాగు” అనినది.

జిమల్‌గట్ట, ఒక ఇంటి పద్ధతి. నలుగురికి నాలుగేసి కాయలు. విరిగిన గాజుముక్కలు, కందులు, పుల్లలు, గులకరాళ్లు ఏవైనను సరియే. చెమ్మకును అష్టకును మరల వేయవచ్చును. మూడు వరుసగా పడిన మూడును మురిగిపోవును. ఒక్క కాయనైనను చంపనిదే లోపలి వరుసకు పోరాదు; బడికి పోని పసిపిల్లలకు ఈ కట్టుబాటు లేదు. జంటను జంటయే చంపవలెను. పండుటకు ఎన్ని ఇండ్లు మిగిలెనో సరిగా అన్నియే పడవలెను. చుట్టము ఇంటికి వచ్చినచో మొదటి వంతు చుట్టముది. ఆట నడుమ బువ్వకు పిలిచినచో, వంతు ఎవరిదో వారు గవ్వలను తమ కొంగునో జేబులోనో వేసికొని లేవవలెను.